మిరపకాయ సాక్ష్యం

మొన్న మా కింది వాటాలో ఉండే అమ్మాయి గాజు సీసాలో నెయ్యి తెచ్చి, ఇంట్లో కాచిందేనని, అచ్చంగా ఆవుదేనని మరీ మరీ చెప్పి ఇచ్చింది. అంతగా చెప్పిందంటేనే నాకు అనుమానం. మూత తీస్తే తమలపాకు వేసి కాచిన వెన్న వాసన గది నిండా పరుచుకుంది. మామూలు మనిషైతే వేలు ముంచి నాలుక్కి రాసుకుని ఆహా అనేది. నేను ముందు ఆ అమ్మాయిని అనుమానించాను, తర్వాత ఆవును, ఆ తర్వాత సీసాను, ఆఖరికి నా ముక్కును. ఈ గుణం మా ఇంటి ఆస్తి. పొలాలు, గొడ్లు, ఇత్తడి బిందెలు పంపకాల్లో ఎటు పోయాయో తెలియదు గానీ, అనుమానం మాత్రం పైసా తగ్గకుండా నా వాటాకు వచ్చింది.

బాన్సువాడలో మా ఇల్లు పెంకుటిల్లు. వీధి వైపు పొడుగాటి అరుగు, వెనక బావి, బావి పక్కన వంటిల్లు. పొద్దున అరుగు మీదికి ఎండ వచ్చేసరికి తాత వచ్చి కూర్చునేవాడు. కుర్రతనంలో ఎక్కడో గురువుల దగ్గర తర్కం చదువుకున్నాడట. ఆ చదువు అన్నం పెట్టలేదు గానీ ఆయనను వదిలిపెట్టనూ లేదు. ముక్కుపొడుం డబ్బీ తొడ పక్కన పెట్టుకుని, చిటికెడు ఎక్కించి, తుమ్మి, పై పంచెతో మూతి తుడుచుకుని, ఎవరు దొరికితే వాళ్ళకు లోకం మనకు ఎలా తెలుస్తుందో చెప్పేవాడు. కన్ను దీపం లాంటిదట, అందులోంచి వెలుగు బయలుదేరి పోయి వస్తువును తాకి వస్తుందట. ముక్కు ఎటూ పోదు, వాసనే దాని దగ్గరికి రావాలి. ఒక్కొక్క ఇంద్రియానికి ఒక్కటే పని, ముక్కు పని చెవి చేయదు, చెవి పని చర్మం చేయదు. మనసేమో అణువంత, అది ఏ ఇంద్రియం దగ్గర కూర్చుంటే ఆ ఇంద్రియమే పనిచేస్తుంది. అందుకే తాత మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్క వినబడేది కాదు. నా మనసు వంటింట్లో వేగుతున్న సకినాల దగ్గర కూర్చుని ఉండేది.

సాయంత్రం పూట మా వీధి చివరి హకీం సాబు వచ్చేవాడు. తెల్ల గడ్డం, అత్తరు వాసన, చేతిలో తస్బీ పూసల దండ. ఆయనకూ ఒక సిద్ధాంతం ఉంది. కన్ను ఎక్కడికీ పోదు, వస్తువుల ఛాయలే కంట్లోకి వస్తాయి, ఐదు దారుల్లో వచ్చిన వార్తలన్నీ నొసటి వెనక ఒక కచేరీలో జమ అవుతాయి, అక్కడ అంతా కలిపి చూసే హాకిం, అంటే అధికారి, ఒకడుంటాడు అనేవాడు. "నీ కన్ను చంద్రుని దాక పోయొస్తదా పంతులు సాబ్? అలసిపోదా?" అని నవ్వేవాడు. తాతకు మండుకొచ్చేది. ఇద్దరూ చీకటి పడేదాకా వాదించుకుని, ఎవరికి వారే గెలిచామనుకుని లేచేవారు. మేము పిల్లలం వాళ్ళ వాదాన్ని ఆటగా మార్చుకున్నాం. ఒకరి కళ్ళకు గంతలు కట్టి, ముక్కు దగ్గర ఏదో ఒకటి పెట్టి ఏమిటో చెప్పమనేవాళ్ళం. చింతచిగురు, కొత్త బెల్లం, పక్కింట్లో బీడీలు చుట్టే తునికాకు, వాన పడ్డ మట్టి, జ్వరం మందు. ఓడినవాళ్ళ నెత్తిన ఒక మొట్టికాయ.

ఈ ఆటలో మా అవ్వను కలుపుకుంటే ఎవరికీ గెలుపు ఉండేది కాదు. నాయనమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. సన్నటి మనిషి, పొడుగాటి ముక్కు, ఆ ముక్కుకు ఎర్రరాయి బేసరి. నిజాంసాగర్ కాలువ నీళ్ళు పొలాల్లోకి వదిలిన పొద్దు ఊళ్ళో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది, తడిసిన నల్లరేగడి వాసన గాలిలో వచ్చిందనేది. చెరకు ఆడే రోజుల్లో ఏ కొప్పెరలో బెల్లం పాకం ముదిరిందో ఇంట్లో కూర్చుని చెప్పేది. వెన్న కాచేటప్పుడు పొయ్యి వైపు చూసేది కూడా కాదు. గోడకు ఆనుకుని వత్తులు చేసుకుంటూ, ఉన్నట్టుండి "దించు" అనేది. దించితే నెయ్యి పూస కట్టేది. ఆ ముక్కు మీద ఉన్న నమ్మకం ఆమెకు మనుషుల్లో ఎవరి మీదా లేదు. పాలవాడు నీళ్ళు కలుపుతాడని, కోమటి రాళ్ళు కలుపుతాడని, చాకలి చీరలు మారుస్తాడని, తాత హకీంతో కలిసి తన మీద నవ్వుతాడని, రోజంతా ఎవరో ఒకరిని మనసులో బోనెక్కించి విచారిస్తూనే ఉండేది.

అలాంటి ఇంటికి పెద్ద కొడప్‌గల్ నుంచి చిన్నమ్మ కోడలై వచ్చింది. మా చిన్నాయన బోధన్‌లో గుమాస్తా, వారానికో పక్షానికో వచ్చిపోయేవాడు. చిన్నమ్మ చామనఛాయ, నెమ్మది మాట, చేతిలో ఏది పెట్టినా రుచి. వాళ్ళ ఊరికి మరాఠీ సీమ దగ్గర కావడంతో కూరగాయలమ్మే మరాఠీ ముసలమ్మ వస్తే ఆమెతో ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడి నవ్వుకునేది. ఆ నవ్వు అవ్వకు గుచ్చుకునేది. "మనకు తెల్వకుండ ఏం మాట్లాడుతున్నరో ఏమో" అనేది అమ్మతో. అమ్మ పెద్ద కోడలు. నోరు విప్పితే ఆ గాలి తన మీదికి మళ్ళుతుందని చాటలో బియ్యం వైపే చూస్తుండేది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక వానాకాలం అవ్వకు జలుబూ జ్వరమూ కలిసి పట్టుకుని మంచానికి కట్టేశాయి. హకీం సాబు కషాయాలిచ్చి లేపాడు గానీ, మనిషి ఎండిపోయింది. రోజూ అన్నంలో ఆవు నెయ్యి వేయమన్నాడు. మిగతా ఇంటికంతా బర్రె నెయ్యే. ఆవు నెయ్యి అవ్వకు మాత్రమే, అది మందు, అందులో ఇంకొకరు వేలు పెట్టడానికి లేదు. కాచే పని చిన్నమ్మది.

మొదటి రోజు ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్న అవ్వ నమలడం ఆపేసింది.

"గిదేం నెయ్యే పిల్లా? కమ్మదనం లేదు, వాసన లేదు. మైనం తిన్నట్టున్నది."

"ఇయ్యాల పొద్దుగాలనే కాచిన అత్తమ్మా" అంది చిన్నమ్మ.

"కాచినవ్ సరే. మంచిది ఎటు వోయింది?"

అక్కడ మొదలైంది. ఆ రోజుల్లో అంగట్లో కొత్తగా డబ్బాలలో తెల్లటి నెయ్యి లాంటిదేదో అమ్మేవారు. ఇది ఆ డబ్బా సరుకేనని, అసలు నెయ్యి తల్లిగారింటికి పోతోందని అవ్వ తేల్చేసింది. అంతకు వారం ముందే చిన్నమ్మ తమ్ముడు చూడవచ్చి సంచితో తిరిగి వెళ్ళాడు, ఇంకేం కావాలి. పప్పులో ఇంగువ లేదంది, చారులో కొత్తిమీర లేదంది, అవన్నీ కొడప్‌గల్ చేరాయంది. మేము బాగానే ఉన్నాయంటే "అందరు ఒక్కటైన్రు" అని మమ్మల్నీ చేర్చుకుంది. ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, కారం తెలుస్తోంది, మరి నాలుక మంచిదే కదా, రుచి లేనిది కూటికే కదా అనేది. ఆమె లెక్క తాతకు సబబుగానే తోచింది. నెయ్యి వాసన చూసి చెప్పమని గిన్నె ఆయన ముక్కు కింద పెడితే, పొడుంతో తోలు మందమైన ఆ ముక్కుకు నెయ్యికీ నీళ్ళకూ తేడా తెలిసేది కాదు. కానీ ఆ సంగతి తర్కపండితుడు ఒప్పుకుంటాడా?

నాకు చిన్నమ్మంటే ప్రాణం. ఆమె తల దువ్వితే చిక్కు తీసినట్టే ఉండేది కాదు. ఆమె రాత్రి పక్క మీద ఏడవడం విని నాకూ ఏడుపొచ్చేది. కానీ అవ్వ అన్నన్నిసార్లు అంటుంటే, ఏమో, నిజమేనేమోనని నేను కూడా ఆమె ట్రంకుపెట్టె వైపు దొంగచూపులు చూసేదాన్ని. అనుమానం పక్కింటి పొగ లాంటిది, తలుపులు వేసుకున్నా లోపలికి వస్తుంది.

ఒకరోజు అన్నాల దగ్గర చిన్నమ్మ ధైర్యం చేసింది. "అత్తమ్మా, కోపం జెయ్యకుండ్రి. జరమొచ్చినప్పటి సంది మీకు వాసన తెలుస్తలేదేమోనని నాకనిపిస్తున్నది."

అవ్వ కంచం నెట్టేసింది. "అయ్యో, అయ్యో, విన్నరా! నెయ్యి మాయం జేసింది సాలక నా ముక్కును గూడ మాయం జేస్తున్నదిది!"

"లొల్లి ఎందుకు? పరీక్ష వెట్టి చూద్దాం" అన్నాడు తాత.

మా వైపు దిష్టి తీసేటప్పుడు ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు కొట్టి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు, ఏ ఘాటూ రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. తాతకు అదే తోచింది. కుంపట్లో నిప్పులు తెప్పించి, గుప్పెడు మిరపకాయలు అవ్వ చుట్టూ తిప్పి అందులో పోశాడు. వంటిల్లు నిండిపోయింది. అందరికంటే ముందు అవ్వ దగ్గింది, అందరికంటే ఎక్కువ దగ్గింది, కళ్ళలో నీళ్ళు కారి చెంగుతో మూతి మూసుకుంది. తాత కూడా దగ్గుతూనే తీర్పు చెప్పాడు. "ముక్కు మంచిగనే ఉన్నది. దిష్టి గూడ లేదు."

దిష్టి లేదు, ముక్కుకు రోగం లేదు, ఇక మిగిలింది దొంగతనమే. అప్పటిదాకా అవ్వ ఒక్కతే అనే మాట ఆ మధ్యాహ్నంతో ఇంటి తీర్పు అయిపోయింది. చిన్నమ్మ కంచాలు తీసుకుని బావి దగ్గరికి పోయింది.

ఎంగిలిపూల అమావాస్య వచ్చింది. బతుకమ్మ పండుగకు ఆడపిల్లలు తల్లిగారింటికి పోవడం మామూలే కాబట్టి, చిన్నమ్మను ఎడ్లబండి ఎక్కిస్తే వీధిలో ఎవరికీ అనుమానం రాలేదు. కానీ అవ్వ ఆమె ట్రంకుపెట్టె కూడా బండిలో పెట్టించింది. పండుగకు పోయే పిల్లకు పెట్టె మొత్తం ఎందుకో నాకు అర్థమైంది, చిన్నమ్మకు నాకంటే ముందే అర్థమైంది. ఆ ఏడు మా వాకిట్లో తంగేడు, గునుగు, కట్లపూలు రోజూ పేర్చాం, సద్దుల రోజు నువ్వుల పిండి, పల్లి పిండి, పెరుగన్నం, మలీదలు చేశాం, నేను మాత్రం చప్పట్లు తప్పుతూనే ఆడాను. దసరాకు జమ్మి ఆకు పంచుకున్నారు, దీపావళి అయిపోయింది. ఎవరూ ఆమెను తేవడానికి పోలేదు. చిన్నాయన వచ్చి అరుగు మీద కూర్చుని, తండ్రిని అడగలేక, తల్లిని ఎదిరించలేక, చెప్పులు తొడుక్కుని మళ్ళీ బోధన్ వెళ్ళిపోయేవాడు. ఆ పిరికితనం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

చిన్నమ్మ కాచిపెట్టిన నెయ్యి అయిపోయాక, ఇక అవ్వ తన నెయ్యి తనే కాచుకోవడానికి కూర్చుంది. మేము అరుగు మీద గచ్చకాయలు ఆడుతున్నాం. ముందు వెన్న కాగే వాసన వచ్చింది, తర్వాత కమ్మటి వాసన వచ్చింది, ఇప్పుడు దించుతుంది అనుకున్నాను. దించలేదు. కాసేపటికి మాడు వాసన వీధి దాకా కొట్టింది. పరుగెత్తితే వంటిల్లంతా నల్లటి పొగ, ఆ పొగలో గోడకు ఆనుకుని అవ్వ, చేతిలో వత్తి.

"అవ్వా, నెయ్యి మాడుతుంది!"

"మాడితే నాకు వాసన రాదా? ఇంకా కాగలే" అంది అవ్వ, దగ్గుతూనే.

పొడుం ముక్కు తాతకు కూడా ఆ కంపు తగిలి లోపలికి వచ్చాడు. ఆయన కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, అవ్వ కళ్ళూ కారుతున్నాయి. "వాసనొస్తలేదా?" అని అడిగాడు. "పొగకు దగ్గొస్తుంది, కండ్లు మండుతున్నయి. వాసనేం లేదు" అంది అవ్వ.

తాత గడప దగ్గరే నిలబడిపోయాడు. పంచెతో కళ్ళు తుడుచుకుని, ఆ తడిని చూసుకుని, మెల్లగా తనలో తను అన్నాడు. "కండ్లు గూడ మండుతున్నయి. మరి కండ్లు వాసన చూస్తయా?" ఒక్కొక్క ఇంద్రియానికి ఒక్కటే పని అని మాకు రోజూ చెప్పిన మనిషికి అప్పుడు తెలిసింది. మిరపకాయ మంట వాసన కాదు, అది స్పర్శ. స్పర్శ ఒళ్ళంతా ఉంటుంది, కంట్లోనూ, గొంతులోనూ, ముక్కు లోపలా. ఆ రోజు దగ్గింది అవ్వ చర్మం, ముక్కు కాదు. ఆయన పెట్టిన పరీక్ష అడగాల్సిన ఇంద్రియాన్ని అడగనే లేదు.

అమ్మ ఇంగువ డబ్బా తెచ్చి, మూత తీసి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. ఇంకా దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, గుండె నిండా పీల్చింది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది. డబ్బా మూత తనే పెట్టేసి, "తీస్కపో" అంది.

మర్నాడు తాత బండి కట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొడప్‌గల్ బయలుదేరాడు. దారి పొడుగునా జొన్నచేలు, తాత మాత్రం వాటిని చూడనే లేదు, చెప్పాల్సింది వల్లించుకుంటున్నాడు. చిన్నమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చాట పక్కన పెట్టి కొంగు తల మీదికి లాక్కుంది. తాత కూర్చుని, ముక్కు ఏం చేస్తుందో, చర్మం ఏం చేస్తుందో, మిరపకాయ దగ్గర తాను ఎక్కడ పొరబడ్డాడో మొదటి నుంచీ చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"నేను చెప్పిన్నాడు ఎవ్వరు నమ్మలే మామా. మిరపకాయ చెప్తే నమ్మిన్రు. ఇయ్యాల మాడిన నెయ్యి చెప్తే నమ్మి వచ్చిన్రు. నా మాట నమ్మి రాలే గద" అంది.

లోకాన్ని తెలుసుకునే దారుల్లో కన్నూ ముక్కూ ఒకటైతే, నమ్మదగిన మనిషి చెప్పిన మాట ఇంకొకటని తాత చదివిన శాస్త్రంలోనే ఉంది. ఆ సంగతి ఆయన అప్పుడు ఎత్తలేదు. పొడుం డబ్బీ తీసి, మూత తీయకుండానే మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

"లేదు బిడ్డా. నీ మాట నమ్మలే. తప్పయింది."

"నేను రానంటే?"

"రాకున్నా సరే. నువ్వు దొంగవు గావని ఊరందరికి నేనే చెప్త."

చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియకుండానే వెక్కివెక్కి ఏడ్చాను. పెట్టె బండెక్కింది.

ఇంటికొచ్చాక అవ్వ క్షమించమనలేదు, అనే మనిషి కాదు. పొయ్యి ముందు నుంచి లేచి పక్కకు జరిగింది, అంతే. అప్పటి నుంచి వంటింట్లో కొత్త మాటలు వినబడేవి. "కమ్మగ వాసనొస్తుంది అత్తమ్మా, దించుతున్న" అని చిన్నమ్మ అనేది. "నిజమేనా?" అని అవ్వ అడిగేది. "నిజమే" అంటే ముద్ద కలుపుకునేది. వాన వాసన, మామిడిపూత వాసన, కొత్త చీర గంజి వాసన, అన్నీ అడిగి చెప్పించుకునేది, ప్రతిసారీ నిజమేనా అని అడిగేది. దొంగ అని తరిమేసిన మనిషి మాటతో తప్ప ఆమెకు లోకంలో సగం అందేది కాదు. అయినా అనుమానం పోలేదు. చిన్నమ్మ ఎన్నిసార్లు అడిగినా అంతే ఓపికగా నిజమే అనేది, నాకైతే చిర్రెత్తుకొచ్చేది.

నాకు పెళ్ళై వెళ్ళిపోయిన తర్వాత, రజాకార్ల గడబిడ అణిగిన మరుసటి ఏడాది ఎండాకాలంలో అవ్వను చూడటానికి వచ్చాను. మంచం మీదే అన్నీ. వీపు పుండ్లు పడ్డాయి. ఆ గదిలో అడుగు పెట్టగానే చీము కంపు ముక్కుకు కొట్టింది. చూడవచ్చిన ఆడవాళ్ళు చెంగులు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అవ్వ చూస్తూనే ఉంది. వాళ్ళు పోయాక చిన్నమ్మ గోరువెచ్చని నీళ్ళతో వీపు తుడుస్తుంటే, గోడ వైపు తిరిగి అడిగింది.

"నా దగ్గర వాసనొస్తుందానే?"

"ఏం వాసన లేదత్తమ్మా. ఇప్పుడే కడిగిన గద" అంది చిన్నమ్మ, చేయి ఆపకుండా.

నేను గడపలో నిలబడి, నిజమేనా అని అవ్వ అడుగుతుందని చూస్తున్నాను. అవ్వ అడగలేదు. "నువ్వంటే సరే" అని కళ్ళు మూసుకుంది.

ఇప్పుడు ఆ అరుగు లేదు. అక్కడ షట్టర్లు దించే దుకాణాలున్నాయి. తాత వాదాలు, హకీం సాబు అత్తరు, బావి, కుంపటి ఏవీ లేవు, చిన్నమ్మ కూడా పోయింది. నా వయసు అవ్వ వయసును దాటింది. నా ఒళ్ళు తుడిచే కోడలు మంచిదే, ఏది అడిగినా ఓపిగ్గా చెబుతుంది. నేనే, ఆమె చెప్పిన తర్వాత మొహం వైపు మరోసారి చూస్తాను.